కంచె దగ్గర దింపిన తుపాకీ

కెటిల్ క్రీక్, వయోమింగ్
అక్టోబరు 9

మా ముసలి నాన్నకి, నీ పెద్ద కూతురు రోవెనా ముద్దులతో రాసేది,

ఆ ఎడారి ఊళ్ళో చెల్లి ఇంట్లో ఉన్న నీతో ఫోనులో మాట్లాడాలంటే ఊరందరికీ వినబడేలా అరవాలి. అయినా నీకు సగం వినబడదు, అన్నిటికీ "మంచిదమ్మా" అంటావు. పోయిన చలికాలం నా ట్రక్కు మంచులో దిగబడిపోయిందని చెబితే కూడా "మంచిదమ్మా" అన్నావు. ఈ సంగతి అరవడానికి వీల్లేనిది. అందుకే కాగితం తీశాను. చదివాక చెల్లికి కూడా చూపించకుండా చించెయ్.

నేను బడిలో తుపాకీ పెట్టుకుంటున్నాను. నడుముకి కుడి పక్కన, ఉన్ని స్వెట్టరు కింద, నీ అరచేతిలో ఇమిడిపోయేంత పిస్తోలు. రెండో తరగతి పిల్లలకి తీసివేతలు చెబుతున్నప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది.

ఆగస్టులో బడి జిమ్‌లో మీటింగు పెట్టారు. నీ దగ్గర వేట పాఠాలు నేర్చుకున్న కాల్డర్ ఉల్లరీ గుర్తున్నాడు కదా, చెవులు పెద్దగా ఉండే కుర్రాడు. ఇప్పుడు గొర్రెల మంద, నెరిసిన గడ్డం, నా తరగతిలో టాన్సీ అనే ఏడేళ్ళ కూతురు. అతనే లేచి మాట్లాడాడు. "షెరిఫ్ ఆఫీసు నుంచి పోలీసు మనిషి ఇక్కడికి రావాలంటే యాభై నిమిషాలు. మంచు పడితే ఎంతసేపో దేవుడికే తెలియాలి. అప్పటిదాకా నా పిల్ల దేని వెనకాల దాక్కోవాలి? ప్లాస్టిక్ కుర్చీ వెనకాలా?" అన్నాడు. మన బడి బోర్డు పెద్ద మార్వ్, ఎప్పటిలాగే మధ్యలో దూరాడు. "మా రోజుల్లో పెద్ద క్లాసు పిల్లల ట్రక్కుల్లో రైఫిళ్ళు వేలాడుతుండేవి, ఎవడూ ఎవణ్ణీ కాల్చలేదు. టీచర్లకే ఎందుకు, ఎనిమిదో క్లాసు వాళ్ళకి కూడా ఇవ్వండి" అన్నాడు. వెనకనుంచి వంటావిడ అంది: "నీ మనవడికి చేతి తొడుగులిస్తే వారానికొకటి పారేస్తున్నాడు మార్వ్. వాడికి తుపాకీనా?" అందరూ నవ్వారు. పిల్లల సంగతి అక్కడితో పోయింది, టీచర్ల సంగతి మిగిలింది.

బడిలో పనిచేసే ఐదుగురం బోర్డుకి గుట్టుగా పేర్లిచ్చాం. నలభై గంటల శిక్షణ ఇచ్చారు. కాల్చడంలో మిగతా నలుగురి మార్కులు కలిపినా నా దరిదాపుల్లోకి రాలేదు, ఈ ముక్క మాత్రం చెల్లికి చదివి వినిపించవచ్చు. ఎవరి దగ్గర తుపాకీ ఉందో మా ఐదుగురికీ, బోర్డుకీ తప్ప ఇంకెవరికీ తెలియకూడదని నియమం. అది కాల్డర్ పట్టుబట్టి పెట్టించిందే. చంపడానికి వచ్చినవాడికి ఎవరిని ముందు పడగొట్టాలో తెలియకూడదని అతని ఉద్దేశం.

నేనెందుకు ఒప్పుకున్నానో చెబుతాను. పోయిన వసంతంలో, తుపాకీ పట్టుకున్నవాడెవడైనా బడిలోకి వస్తే ఏం చేయాలో సాధన చేయించారు. దీపాలు ఆర్పి, పదిహేడు మంది పిల్లల్ని కోట్లు తగిలించే గదిలోకి నెట్టి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. లోపల్నించి ఒక గొంతు గుసగుసగా అడిగింది: "టీచర్, మీరు బయటే ఉంటారా?" ఉంటానన్నాను. "మీ చేతిలో ఏముంది?" అంది. తాళాల గుత్తి ఉంది నాన్నా. ఆ మాట ఆ పిల్లకి చెప్పలేకపోయాను.

నన్ను మొదటిసారి కొండమీదికి తీసుకెళ్ళిన తెల్లవారుజాము నీకు గుర్తుండే ఉంటుంది. పొగమంచులోంచి ఎల్క్ దుప్పుల మంద దిగివస్తుంటే నేను రైఫిల్ ఎత్తడమే మర్చిపోయి గుడ్లప్పగించి చూశాను. "నోరు ముయ్యి, ఈగలు దూరతాయి" అన్నావు. ఇప్పుడు రోజూ పొద్దున ఎనిమిదింటికి నాకు మళ్ళీ అలాగే ఉంటోంది. ముప్పై మైళ్ళ అవతలనుంచి తల్లులు, తండ్రులు వచ్చి, వాళ్ళ ప్రాణాలన్నిటినీ మా గుమ్మం ముందు దింపి, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోతారు. నలభై మూడు టోపీలు, నలభై మూడు ముక్కులు, సగం కారుతూ. ఎవరిని నమ్మి అలా వెళ్ళగలరు అనుకుంటాను. నన్ను నమ్మే. అది తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పిస్తోలు బరువు దాని ముందు ఏపాటిది.

నువ్వు గర్వపడతావో తిడతావో తెలియదు. ఏదైనా కార్డు ముక్క మీద రాయి.

ఇంకా నోరు మూసుకోవడం రాని
రోవెనా

---

కెటిల్ క్రీక్
జనవరి 23

నాన్నా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. నీ మొహం నా ముందు లేదు కాబట్టి రాయగలుగుతున్నాను.

పదమూడో తారీఖున బడిలో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పిల్లల టాయిలెట్లు మూసేశారు. మా టీచర్లదే అందరూ వాడుకోవాల్సి వచ్చింది. ఒక్క గది, ఒక్క తలుపు, లోపల్నించి మాత్రమే గడియ. పదకొండింటికి నేను వెళ్ళాను. అక్కడ నేను చేసింది నువ్వు నేర్పిన కంచె పద్ధతే. తుపాకీ పట్టుకుని కంచె దాటకూడదు, చేతులకి వేరే పని పడితే తుపాకీ కింద ఉండాలి, మూతి మనుషులు లేనివైపు ఉండాలి. టౌన్ హాల్లో ముప్పై ఒక్క ఏళ్ళు ఈ కౌంటీలో ప్రతి పిల్లకీ పిల్లాడికీ నువ్వు చెప్పిన మాట. బెల్టు విప్పాలి కాబట్టి పిస్తోలుని తోలు ఒరతో సహా తీసి, కమోడు వెనకున్న నీళ్ళ తొట్టి మూత మీద, మూతి గోడవైపు ఉండేలా పెట్టాను. ఎంత చక్కగా పెట్టానో. చూస్తే మెచ్చుకునేవాడివి.

కంచె దాటాక తుపాకీ కళ్ళెదురుగానే ఉంటుంది, తీసుకోవడం తప్ప మనిషికి ఇంకో పని ఉండదు. బడిలో అలా కాదు. ఎవరో తలుపు దబదబా బాదారు. "టీచర్, బ్రైస్ ముక్కులోంచి రక్తం కారుతోంది, స్వెట్టరంతా అయిపోయింది." బెల్టు బిగించుకుంటూ పరిగెత్తాను. బ్రైస్ ముక్కు పట్టుకుని వంచి కూర్చోబెట్టాను, చొక్కా మార్పించాను, వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. తర్వాత అన్నాల వేళ. తర్వాత లెక్కలు.

భోజనాల దగ్గర టాన్సీ కనబడలేదు. "కడుపునొప్పట, టాయిలెట్లోంచి రావట్లేదు, ఎవరు కొట్టినా లోపల ఉన్నాను అంటోంది" అని వంటావిడ చెప్పింది. మిగతా పిల్లల్ని వంటగది వెనక ఉన్న తన టాయిలెట్‌కి పంపుతూ సణుగుతోంది. పాపం అనుకున్నాను. అంతే అనుకున్నాను నాన్నా, నా బుర్రకి ఇంకేమీ తట్టలేదు. లెక్కల క్లాసులో బోర్డు తుడవడానికి చెయ్యెత్తితే స్వెట్టరు పైకి లేచింది. అలవాటుగా కిందికి లాక్కున్నాను. చేతికి నా నడుమే తగిలింది.

ఆ వరండా ఎంత పొడుగో ఆరోజు తెలిసింది. గడియ వేసే ఉంది. "టాన్సీ, నేనే" అన్నాను.

లోపల్నించి సన్నటి గొంతు. "మీరొక్కరేనా టీచర్? పక్కన చిన్నపిల్లలెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు తల్లీ."

"నిజంగానా?"

"నిజంగానే."

తలుపు తీసి, పరుగున మళ్ళీ తలుపు పక్క మూలకే వెళ్ళి నేల మీద కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. తుపాకీ నేను పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. ఎవరైనా తాకిన గుర్తు కూడా లేదు. "చేతుల మీద కూర్చున్నా. లేకపోతే వాటంతటవే వెళ్ళిపోతాయేమోనని" అంది.

"ఎవరినైనా పిలవలేకపోయావా అమ్మా?"

"ఆగు, ముట్టుకోకు, దూరంగా వెళ్ళు, పెద్దవాళ్ళకి చెప్పు. నాకు వచ్చు. ఆగాను, ముట్టుకోలేదు. కానీ నేను బయటికెళ్తే గడియ ఎవరు వేస్తారు? నా వెనకాల ఒకటో క్లాసు ఓటిస్ ఉన్నాడు. వాడు అన్నీ ముట్టుకుంటాడు. తలుపులోంచి అరిచి చెప్తే అందరూ వచ్చేస్తారు కదా. అందుకని పెద్దవాళ్ళే వచ్చేదాకా ఉందామనుకున్నా."

ఎవరు నేర్పారని అడిగాను. నాన్న అంది. నాన్నకి ఎవరు నేర్పారంటే, "టౌన్ హాల్లో ఓర్వల్ తాత" అంది. నువ్వు ఓర్వల్ తాతవి నాన్నా. నువ్వు కాల్డర్‌కి చెప్పావు, కాల్డర్ ఈ పిల్లకి చెప్పాడు, ఈ పిల్ల దాన్ని మనిద్దరికంటే బాగా నేర్చుకుంది. డెబ్బై నిమిషాలు. ఏడేళ్ళ ప్రాణం, ముందు పళ్ళు రెండు లేవు, బూటు లేసు ఇంకా నేనే కట్టాలి. ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఏ కొండ మీదా, ఏ మంద ముందూ నేను అంత చిన్నదాన్నైపోలేదు.

అప్పుడు చూశాను, ఆమె కూర్చున్నచోట నేల తడిగా ఉంది. కమోడు మూడడుగుల దూరంలో ఉంది. కానీ తుపాకీ దాని మీదే ఉంది, దాని దగ్గరికి వెళ్ళకూడదు కదా. అందుకని వెళ్ళలేదు. అంతసేపూ బిగబట్టుకుని, చివరికి బట్టల్లోనే పోసుకుంది. దేనికీ ఏడవని పిల్ల దీనికి ఏడ్చింది. "మా నాన్నకి చెప్పొద్దు టీచర్. పెద్దపిల్లనయ్యాను కదా."

చెప్పనన్నాను. ఇదే నాన్నా నీకు రాయాల్సింది. ఆమె దాచమన్నది తడిసిన బట్టల సంగతి. నేను ఆ మాట చాటున నా సంగతి దాచుకున్నాను. చిన్నపిల్ల సిగ్గుని దుప్పటిలా కప్పుకుని పది రోజులుగా తిరుగుతున్నాను. ప్రిన్సిపాల్ ప్రూయిట్‌కి చెప్పలేదు, బోర్డుకి చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. ఓర్వల్ కూతురు తుపాకీ మర్చిపోయిందట అని కౌంటీ అంతా నీ పేరు కూడా కలిపి చెప్పుకుంటుంది. అందుకని చెప్పదలచుకోలేదు. ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను. కొత్త ఒర తెప్పించాను, బెల్టు విప్పినా ఊడిరాదు. నువ్వు కూడా అదే మంచిదంటావని అనుకుంటున్నాను.

నీ
రో

---

కెటిల్ క్రీక్
ఫిబ్రవరి 20

ముక్కుసూటి నాన్నకి,

నీ కార్డు వచ్చింది. ఎడారి బొమ్మ వెనక నాలుగు మాటలు: "ఆ పిల్ల తండ్రికి చెప్పు." ప్రేమతో అని కూడా లేదు. రెండు రోజులు నీ మీద అలిగి దాన్ని డ్రాయర్లో పడేశాను. కౌంటీలో తలెత్తుకు తిరగాల్సింది నేను, నువ్వు ఎండలో కూర్చుని నాలుగు మాటలు రాసేస్తావా అనుకున్నాను.

తర్వాత ఒకటి కనిపెట్టాను. గొట్టాలు బాగయ్యాయి, పిల్లల టాయిలెట్లు తెరిచారు. అయినా ఆట విరామం గంట కొట్టగానే టాన్సీ అందరికంటే ముందు వరండాలో పరిగెత్తుతోంది. లోపలికెళ్తుంది, తొట్టి మీద, కిటికీ గట్టు మీద, చెత్తబుట్ట వెనక చూస్తుంది, బయటికొచ్చి ఓటిస్‌తో "వెళ్ళు" అంటుంది. అప్పుడు వాడు వెళ్తాడు. వాడికి అదొక ఆట. మూడు రోజులు చూసి, పక్కకి పిలిచి అడిగాను. "పెద్దవాళ్ళు మర్చిపోతారు కదా టీచర్" అంది. తప్పు పడుతున్నట్టు కాదు. పొద్దునపూట చలేస్తుంది కదా అన్నట్టు చెప్పింది.

కాపలాకి నన్ను పెట్టారు నాన్నా. నాకు ఆ పిల్ల కాపలా కాస్తోంది.

శనివారం పొద్దున కాల్డర్ దగ్గరికి వెళ్ళాను. గొర్రెలకి గడ్డి వేస్తున్నాడు. చేతులు కట్టుకుని నిలబడి, బడిలో తుపాకీ ఉన్న ఐదుగురిలో నేనొకదాన్నని మొదలుపెట్టి, చివరిదాకా చెప్పాను. అతను గడ్డి ఎత్తే పంగలకర్ర ఆపలేదు. చివర్లో ఒక్కటే అడిగాడు. "ఎంతసేపు?"

"డెబ్బై నిమిషాలు."

గడ్డిమోపు మీద కూలబడ్డాడు. "తడిసిన బట్టలు సంచిలో దొరికాయి. నేను తిట్టాను రో. ఇంత పెద్దదానివి, బళ్ళో తడుపుకుంటావా, సిగ్గులేదా అన్నాను. తలొంచుకుని నిలబడింది గానీ నీ పేరు ఎత్తలేదు." మొహం గొర్రెల వైపు తిప్పుకున్నాడు. నన్ను కొడతాడేమో అనిపించింది, కొడితే బాగుండుననీ అనిపించింది. చివరికి లేచి అన్నాడు: "సోమవారం బోర్డు మీటింగుంది. నాకు చెప్పినట్టే అక్కడ చెప్పు. ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను."

చెప్పాను. జిమ్‌లో తొంభై మంది దాకా ఉన్నారు. తడిసిన బట్టల సంగతి మాత్రం చెప్పలేదు, అది టాన్సీ సొంతం, కాల్డర్ కూడా ఏమీ అనలేదు. అయిపోయాక మార్వ్ గొంతు సవరించుకున్నాడు. "పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మంచి ఒరలు తెప్పిద్దాం. ఆ చిట్టితల్లికి ఒక మెడల్ చేయిద్దాం. మన పిల్లలు ఎలాంటి వాళ్ళో చూశారా" అన్నాడు. చప్పట్లు కొట్టారు. జనం మొహాల్లో హమ్మయ్య అన్న భావం. తప్పు ఒక్క మనిషిది, ఆ మనిషి దొరికింది, ఇక ఇళ్ళకి వెళ్ళవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను.

కాల్డర్ లేచాడు. "మెడల్ వద్దు. నాకొకటి తెలియాలి. మిగతా నలుగురిలో ఎవరికైనా ఇలా అయిందా? పేర్లు బయటపెట్టకూడదన్న రూలు నాకు తెలుసు. పెట్టించిందే నేను. అయినా అడుగుతున్నా."

గోడ మీద గడియారం ముల్లు కదలడం చూశాను. అప్పుడు ఆటలు నేర్పే డెన్వర్ చెయ్యెత్తాడు. "కోటు జేబులో. జిమ్ బల్ల మీద వదిలేశాను. పావుగంట. పిల్లలు బంతాట ఆడుతున్నారు." ఆ తర్వాత బడి శుభ్రం చేసే లొరెట్టా లేచింది. ఆమె దగ్గర ఉందని ఎవరూ కలలో కూడా అనుకోరు, పక్కన కూర్చున్న మొగుడే నోరెళ్ళబెట్టాడు. "తుడిచే బండిలో, చీపుళ్ళ కింద. రెండుసార్లు" అంది. చివర ప్రిన్సిపాల్ ప్రూయిట్. ఇరవై ఏళ్ళుగా టై ముడి కూడా సడలనివ్వని మనిషి, చెయ్యి భుజం దాకా కూడా రాలేదు. "డ్రాయరు తాళం వెయ్యలేదు. శుక్రవారం నుంచి సోమవారం దాకా" అన్నాడు.

నాతో కలిపి నలుగురం. ఐదో మనిషి చెయ్యి ఎత్తలేదు, తల కూడా ఎత్తలేదు. ఆ పేరు నీకు కూడా రాయను.

నాన్నా, తొంభై మంది ఒకేసారి ఊపిరి ఆపడం నేనెప్పుడూ వినలేదు. అందరం నలభై గంటలు నేర్చుకున్నవాళ్ళం. అందరం మంచివాళ్ళం, పిల్లల కోసం చావడానికి సిద్ధపడ్డవాళ్ళం. చావడానికి సిద్ధపడటం వేరు, మంగళవారం పదకొండింటికి గుర్తుపెట్టుకోవడం వేరు. ఇన్ని నెలలు ఎవరికీ ఏమీ కాకపోవడం ఎంత పెద్ద సంగతో ఆ జిమ్‌లో అందరికీ అప్పుడే తెలిసింది.

బడి లోపల తుపాకులు ఉండాలా వద్దా అని బోర్డు వాళ్ళు ఓట్లు వేశారు. నలుగురు వద్దన్నారు, మార్వ్ ఒక్కడు ఉండాలన్నాడు. అతన్ని తిట్టను. షెరిఫ్ మనిషి ఇంకా యాభై నిమిషాల దూరంలోనే ఉన్నాడు, తలుపు దగ్గర నా చేతిలో మళ్ళీ తాళాల గుత్తే ఉంది. భయం పోలేదు. నన్ను ఈ ఏడాదికి ఉంచారు, వచ్చే ఏడాది సంగతి జూన్‌లో చెబుతారట. నీ పేరు ఎవరూ తీసుకురాలేదు, ఒక్క కాల్డర్ తప్ప. ఓర్వల్‌కి నా నమస్కారాలు రాయి అన్నాడు.

మర్నాటినుంచి కాల్డర్ ట్రక్కు బడి కంచె బయట, రోడ్డు పక్కన ఆగి ఉంటోంది. ఎనిమిదింటినుంచి మూడింటిదాకా. ఇంకో ఇద్దరు ముగ్గురు తండ్రులు, ఒక తల్లి అతనితో రోజులు పంచుకున్నారు. గొర్రెలు ఎవరు చూస్తున్నారంటే, వాళ్ళ తమ్ముణ్ణి తిట్టి ఒప్పించాడట. మొదటి రోజు పొద్దున కాఫీ పట్టుకెళ్ళాను. సున్నాకి ఇరవై డిగ్రీలు కింద, అద్దాలన్నీ మంచు పువ్వులు. టాన్సీ ఇంకా ట్రక్కు మెట్టు మీదే నిలబడి తండ్రితో వాదిస్తోంది.

"ఇంక నువ్వు టాయిలెట్లు చూడక్కర్లేదు. ఆ పని నాది" అంటున్నాడు కాల్డర్.

"నువ్వు మర్చిపోవా?"

కాల్డర్ నా వైపు చూశాడు, తర్వాత కూతురి వైపు. "మర్చిపోతానమ్మా. అందుకే తుపాకీ లోపలికి తీసుకురాను. కంచె ఇవతలే కూర్చుంటా."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. సరేనన్నట్టు తలూపి, ట్రక్కు దిగి, లేసు కట్టుకోని బూట్లతో మంచులో పరిగెత్తింది. ఆ రోజు విరామం గంట కొట్టినప్పుడు వరండాలో నిలబడి చూశాను. టాన్సీ టాయిలెట్ల వైపు తిరగనైనా లేదు, అందరితో పాటు అరుస్తూ బయటికి ఆటకి పోయింది.

నీ కూతురు
రోవెనా